ఆకుపచ్చ టిక్కు పడిన కుప్పం కార్డు

ఆదిలక్ష్మి ముప్పై ఎనిమిదో ఏట మళ్లీ చదువుకోవాల్సి వచ్చింది. ఇష్టపడి మొదలుపెట్టిన చదువు కాదు. తప్పించుకునే దారి లేక కూర్చున్న చదువు.

ఇల్లు పుంగనూరులో, ఉద్యోగం మదనపల్లెలో. తండ్రి వెంకటముని మార్కెట్‌యార్డులో మూటలు మోసేవాడు. కూతురైనా నీడన కూర్చుని పనిచేయాలని పట్టుబట్టి పుంగనూరులోనే బీఎస్సీ కంప్యూటర్స్ చదివించాడు. పెళ్లయ్యాక, కూతురు దీప పుట్టాక ఆమె డేటా ఎంట్రీ ఉద్యోగంలో చేరింది. పదమూడేళ్లు పేర్లూ నంబర్లూ టైపు చేసేసరికి, కాలేజీలో రాసిన ప్రోగ్రాములు ఒక్కటీ గుర్తు లేకుండా పోయాయి.

ఆమె పనిచేసేది డాక్టర్ మమత నడిపే రక్తపరీక్షల ల్యాబులో. అక్కడ ముఖ్యమైన పని అప్పుడే పుట్టిన బిడ్డల పరీక్ష. పుట్టిన రెండు మూడు రోజులకు బిడ్డ మడమ మీద సూదితో గుచ్చి, నాలుగు చుక్కల రక్తం మందపాటి కాగితం కార్డు మీద అద్దుతారు. ఆ కార్డులు పుంగనూరు, వి.కోట, కుప్పం ఆసుపత్రుల నుంచి కవర్లలో బస్సుల మీద మదనపల్లెకు వస్తాయి. ల్యాబులోని మిషను ఆ చుక్కల్లో థైరాయిడ్ సంగతి చూసి ఒక అంకె చెబుతుంది. అది ఇరవై దాటితే బిడ్డను వెంటనే మళ్లీ పిలిపించి, నరంలోంచి రక్తం తీసి ఖాయం చేసుకోవాలి. ఖాయమైతే రోజుకో చిన్న మాత్ర, అంతే. పుట్టిన రెండు వారాల్లో మొదలుపెడితే బిడ్డ అందరిలాగే పెరుగుతుంది. నెలలు గడిచిపోతే మెదడు ఎదగదు. ఆ తర్వాత ఎన్ని మాత్రలు వేసినా పోయింది తిరిగి రాదు.

మొదట్లో రోజుకు పది కార్డులు వచ్చేవి. అంకె ఎక్కువున్న బిడ్డల ఇళ్లకు ఆదిలక్ష్మే ఫోన్ చేసేది. ఎత్తకపోతే మధ్యాహ్నం చేసేది, సాయంత్రం బస్సులో కూర్చుని చేసేది. ఎత్తేదాకా వదిలేది కాదు. కొత్త ఆసుపత్రులు చేరాక కార్డులు రోజుకు అరవై అయ్యాయి. ఇంటికి వెళ్లాక కూడా ఎవరికైనా చెప్పడం మర్చిపోయానేమోనని ఆమెకు అనుమానం వచ్చేది. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి ఫోన్ తీసి జాబితా చూసుకునేది.

ఒకరోజు డాక్టర్ మమత ఆమెను గదిలోకి పిలిచింది.

"ఆదిలక్ష్మీ, ఇది చేత్తో అయ్యే పని కాదు ఇంక. ప్రోగ్రాం రాయించాల. కంప్యూటర్లు చూసే ప్రదీప్ ఉండాడు కదా, అతను నేర్పిస్తానన్నాడు. నువ్వు నేర్చుకుంటావా, కొత్త మనిషిని పెట్టుకోమంటావా?"

కొత్త మనిషి వస్తే తన కుర్చీ ఉండదని ఆదిలక్ష్మికి అర్థమైంది. "నేర్చుకుంటాను మేడం" అంది. 

ప్రదీప్‌ది పెద్దతిప్పసముద్రం. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండు వారాలకోసారి శనివారం ఊరికి వస్తూ ల్యాబు కంప్యూటర్లు చూసిపోయేవాడు. ఆదిలక్ష్మి కంటే పదేళ్లు చిన్న. అతను తెచ్చింది ఒక వర్క్‌ఫ్లో లైబ్రరీ. అంటే ఒకదాని తర్వాత ఒకటి జరగాల్సిన పనులను వరుసలో నడిపించడానికి ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల కట్ట. మన పనులేవో, వాటి వరుసేదో మనం రాసిస్తే చాలు. ఏ పని అయింది, ఏది ఆగింది అన్నది స్క్రీన్ మీద కనబడుతుంది. అయిన పనికి ఆకుపచ్చ టిక్కు, ఆగిన పనికి ఎర్ర గుర్తు.

"అక్కా, దీన్ని ఒకేసారి మింగాలని సూడొద్దు" అన్నాడు ప్రదీప్. "నాలుగు మెట్లు. మెట్టుకు మూడు వారాలు. ఒకటి చేతికొచ్చేదాకా ఇంకోటి ముట్టుకోవద్దు."

మొదటి మెట్టు ఒక్క పనిని నడపడం. మిషను ఇచ్చిన ఫైలును చదివి కార్డు నంబరూ అంకే స్క్రీన్ మీద చూపించాలి. ఆరు లైన్ల ప్రోగ్రాం. ఆదిలక్ష్మికి ఎనిమిది రోజులు పట్టింది. ఒకచోట ఖాళీ ఎక్కువైనా ఎర్ర గుర్తే, ఒక చుక్క తగ్గినా ఎర్ర గుర్తే. ఆ ఎరుపు చూడగానే పక్క సీట్లో వాళ్లు చూస్తున్నారేమోనని స్క్రీన్ చిన్నది చేసేసేది. ఉదయం మదనపల్లె బస్సులో నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని ముందురోజు తప్పులు రాసుకునేది. తొమ్మిదో రోజు ఆకుపచ్చ టిక్కు పడింది. ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే మళ్లీ ఎర్రబడుతుందేమోనని భయం.

రెండో మెట్టు పనులను ఒకదానికొకటి కట్టడం. ఫైలు చదవాలి. చదివిన అంకెల్లో ఇరవై దాటినవి వేరు చేయాలి. వేరు చేసినవాటికి పేర్లూ ఫోన్ నంబర్లూ జతచేయాలి. ఒక పని ఇచ్చింది ఇంకో పని అందుకోవాలి. ఇది కొంచెం తొందరగా వచ్చింది. అప్పుడు మాత్రం ఇంట్లో భర్త రాజేంద్రతో చెప్పింది. అతనిది సదుంలో పాలు చల్లబరిచే కేంద్రంలో ఉద్యోగం. "మా ఆడ కూడా ఇంతే కదా" అన్నాడు. "క్యాను దించేది ఒకడు, పరీక్ష సేసేది ఒకడు, పోసేది ఒకడు. ఒకడు చెయ్యి తీస్తే అందరూ నిలబడాల్సిందే."

మూడో మెట్టు దగ్గర అసలు భయం మొదలైంది. ఒక పని కుదరకపోతే ఏం చేయాలన్నదే ఆ మెట్టు. పది నిమిషాలాగి మళ్లీ ప్రయత్నించమని ప్రోగ్రాముకు చెప్పొచ్చు. మూడుసార్లు చూడమనీ చెప్పొచ్చు. బిడ్డల ఇళ్లకు మెసేజీ పంపి, రికార్డు చేసిన గొంతుతో ఫోన్ చేసే పనిని ఇలా నడపొచ్చు. కానీ ప్రదీప్ ఒక మాట గట్టిగా చెప్పాడు.

"ఫోన్ల పని మాత్రం ఇప్పుడే ప్రోగ్రాముకు ఇయ్యొద్దక్కా. మూడుసార్లు చేసినా ఎత్తకపోతే యేం జరగాలో నాలుగో మెట్టులో ఉండాది. అందాకా పిలుపులు నీ చేత్తోనే చెయ్యి."

ఆదిలక్ష్మి సరేనంది. అయితే ఆ నెలలోనే ఇంకో రెండు ఆసుపత్రులు చేరాయి. కార్డులు ఎనభై దాటాయి. డాక్టర్ మమత రెండుసార్లు అడిగింది, "అంతా ప్రోగ్రామే చేస్తాదన్నారు, ఇంకా నువ్వే యాల ఫోన్లు పట్టుకొని కూర్చోనుండావు?" అని. మూడోసారి అడిగించుకోవడానికి ఆదిలక్ష్మికి మొహం చెల్లలేదు. ప్రదీప్‌కు చెప్పకుండానే ఫోన్ల పనిని కూడా వరుసలో కట్టేసింది.

వారం బాగానే నడిచింది. ఒక మంగళవారం సదుం నుంచి వచ్చిన ఒక కార్డు మీద ఫోన్ నంబరులో తొమ్మిది అంకెలే ఉన్నాయి. ప్రోగ్రాం ఆ నంబరు దగ్గర ఎర్రబడి ఆగింది. దాని వెనకున్న కార్డులన్నీ ఆగిపోయాయి. సాయంత్రం దాకా ఏ ఆసుపత్రికీ రిపోర్టు వెళ్లలేదు. పుంగనూరు ఆసుపత్రి వాళ్లు డాక్టరుకు ఫోన్ చేశారు. డాక్టర్ మమత బయటికొచ్చి అందరి ముందూ "ఒక్క నంబరు తప్పైతే ఎనభై మంది బిడ్డలు నిలబడాల్నా?" అని గట్టిగా అంది.

ఆదిలక్ష్మి తల దించుకుని కూర్చుంది. కంటి నీళ్లు కీబోర్డు మీద పడకుండా కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ సాయంత్రమే, బస్సు టైమయ్యేలోగా, ప్రోగ్రాములో మూడు లైన్లు చేర్చింది. ఫోన్ కుదరకపోతే ఆ సంగతి పక్కన ఒక ఫైల్లో రాసి, ముందుకు వెళ్లిపోమని. మరునాటి నుంచి ఎర్ర గుర్తు ఒక్కటీ రాలేదు. స్క్రీన్ నిండా ఆకుపచ్చ టిక్కులే. డాక్టర్ మమత వచ్చి చూసి, భుజం తట్టి వెళ్లింది.

పక్కన రాసిన ఫైలును రోజూ తెరిచి చూడాలనే ఆదిలక్ష్మి అనుకుంది. చూసింది కూడా, పది రోజులు. తర్వాత దీప పదో తరగతి పరీక్షలొచ్చాయి. తండ్రికి కాలు బెణికింది. ఫైలు సంగతి ఒకరోజు మరిచిపోయింది, మర్నాడూ మరిచిపోయింది. ఎరుపు కనబడకపోయేసరికి మనసు కూడా అలవాటుపడింది.

మధ్యలో ఒక శనివారం రాలేకపోయిన ప్రదీప్, మూడు వారాల తర్వాత వచ్చాడు. నాలుగో మెట్టు మొదలుపెట్టాలి. ఒక మనిషి వచ్చి "అయింది" అని చెప్పేదాకా వరుసను ఆపి ఉంచడం అందులో పాఠం. మొదలుపెట్టే ముందు అతను ఒక అభ్యాసం ఇచ్చాడు.

"ఈ మూడు వారాల్లో మళ్లీ పిలవాల్సిన బిడ్డలెందరు, వాళ్లలో రెండోసారి రక్తం ఇచ్చినోళ్లెందరు. రెండూ పక్కపక్కన పెట్టి సూడక్కా. ఊరికే, లెక్క సరిపోతాందో లేదో."

ఆదిలక్ష్మి రెండు జాబితాలు తీసింది. పిలవాల్సినవాళ్లు ఆరుగురు. రెండోసారి రక్తం ఇచ్చినవాళ్లు ఐదుగురు. వేలితో ఒక్కో పేరూ పట్టుకుని చూసుకుంటూ వచ్చింది. ఆరో పేరు దగ్గర వేలు ఆగిపోయింది. కుప్పం కార్డు. 'బేబీ ఆఫ్ అశ్విని'. ఆడబిడ్డ. అంకె అరవై ఎనిమిది. పరీక్ష జరిగి తొమ్మిది రోజులు. ఫోన్ మూడుసార్లు వెళ్లింది, మూడుసార్లూ స్విచాఫ్. పక్కనే ఆకుపచ్చ టిక్కు.

బిడ్డ పుట్టిన తేదీ చూసింది. ఆ రోజుకు పదిహేడు రోజులు.

 ప్రదీప్ స్క్రీన్ మీదికి వంగి చూశాడు. ఆ మూడు లైన్లు అతనికి కనబడ్డాయి.  అతను తిట్టి ఉంటే ఆమెకు కొంచెం తేలికయ్యేది.

ఆదిలక్ష్మి లేచి డాక్టర్ గదిలోకి వెళ్లింది. తలుపు పట్టుకుని నిలబడే చెప్పింది. ఎక్కడ తప్పు చేసిందో, ఎందుకు చేసిందో, ఫైలు ఎన్ని రోజులు తెరవలేదో, దాచకుండా చెప్పింది. డాక్టర్ మమత ముఖం పాలిపోయింది. "మాట్లాడుకునేది తర్వాత" అంది. "ముందు బిడ్డ యాడుందో కనుక్కో."

కార్డు మీదున్న నంబరు బిడ్డ తండ్రి జగదీష్‌ది. ఇప్పటికీ స్విచాఫే. కుప్పం ఆసుపత్రి నర్సుకు చేస్తే, తన దగ్గరా అదే నంబరుందంది. చిరునామా మాత్రం రైల్వే స్టేషన్ వెనక వీధి అని ఉందట. తను డ్యూటీ వదిలి కదలలేనంది. డాక్టర్ మమత కుప్పంలో తనకు తెలిసిన పిల్లల డాక్టరుకు ఫోన్ చేసి, బిడ్డ ఎప్పుడొచ్చినా చూడమని చెప్పింది. తర్వాత ఆదిలక్ష్మి వైపు తిరిగింది.

"ఫోన్లో దొరకనప్పుడు మనిషే పోవాల. నువ్వు పో. నీకు కార్డు తెలుసు, సంగతి తెలుసు."

పదిన్నరకు కుప్పం బస్సెక్కింది. పుంగనూరు స్టాండులో బస్సు పది నిమిషాలు ఆగితే, తన ఊరు కిటికీలోంచి కనబడుతున్నా తల తిప్పి చూడలేదు. పలమనేరు దాటింది. బ్యాగులో కార్డు జిరాక్సూ, డాక్టర్ రాసిచ్చిన చీటీ ఉన్నాయి. వాటిని మూడుసార్లు తీసి చూసుకుంది. పదిహేడు రోజులు. రెండు వారాలు దాటి మూడు రోజులు. ఆ మూడు రోజుల్లో బిడ్డ తలలో ఏం జరిగి ఉంటుంది? ఏమీ జరిగి ఉండదా? తను ఫైలు తెరవని ఒక్కో రోజూ ఏం పనిలో ఉందో గుర్తు చేసుకుంది. ఒకరోజు దీప యూనిఫాం ఇస్త్రీ. ఒకరోజు తండ్రి కాలికి కట్టు. ఒకరోజు ఏ పనీ లేదు, పక్క సీటామెతో మాట్లాడుతూ కూర్చుంది. ఆ రోజే ఎక్కువ బాధపెట్టింది. వి.కోటలో బస్సు ఆగితే ఎవరో కిటికీ దగ్గర మల్లెపూలు పట్టుకుని అడిగారు. ఆమెకు వినపడలేదు.

కుప్పంలో దిగేసరికి రెండయింది. స్టేషన్ వెనక వీధిలో అడిగితే జగదీష్ ఇల్లు చూపించారు. తాళం వేసి ఉంది. పక్కింటామె గుమ్మంలో చింతపండు పిక్కలు తీస్తోంది.

"జగదీషు దినామూ రైల్లో బెంగళూరుకు పనికి పోతాడమ్మా. పోయిన వారం ముందర రైల్లోనే ఫోన్ కొట్టేసినారు. కొత్త నంబరు నాకు తెలీదు."

"బిడ్డా తల్లీ యాడుండారమ్మా?"

"పుట్టింట్లో ఉండాది అశ్విని. వి.కోట దాటినాక నాలుగు కిలోమీటర్లు. రేషన్ షాపు పక్క సందులో బాలప్ప ఇల్లంటే ఎవురైనా చెప్తారు. యాల, ఏమైనాది?"

"బిడ్డకు ఒక పరీక్ష ఉండాదమ్మా" అంది ఆదిలక్ష్మి. గంటన్నర కిందట ఆ వి.కోట మీదుగానే తను వచ్చింది. మళ్లీ స్టాండుకు పరుగెత్తింది. బస్సు కోసం ఆగిన ఇరవై నిమిషాలూ కూర్చోలేకపోయింది. వి.కోటలో దిగి ఆటో మాట్లాడుకుంది.

బాలప్ప ఇంటికి చేరేటప్పటికి నాలుగున్నర. ముందు గదిలో మంచం మీద అశ్విని కూర్చుని ఉంది. ఇరవై మూడేళ్లుంటాయి. పక్కన గుడ్డల్లో చుట్టిన బిడ్డ నిద్రపోతోంది. అశ్విని తల్లి రత్నమ్మ లోపలి నుంచి వచ్చింది.

"ఎవురమ్మా నువ్వు? యాడ్నించి వచ్చినావు?"

"మదనపల్లె ల్యాబు నుంచి వచ్చినానమ్మా. కుప్పం ఆసుపత్రిలో బిడ్డ కాలికి సూది గుచ్చి రక్తం తీసినారు కదా, ఆ రక్తం మా దగ్గిరికే వస్తాది."

"దానికేమి, బంగారంలాంటి బిడ్డ" అంది రత్నమ్మ. "ఏడ్సనే ఏడ్సదు. పాలకు కూడా మేమే లేపల్ల. రాత్రంతా నిద్రపోతాది. ఇట్లాంటి బిడ్డను నేను సూళ్లేదు."

 ఏడవకపోవడం, పాలకు లేవకపోవడం మంచి గుర్తులు కావని పదమూడేళ్లుగా డాక్టర్ మమత ఫోన్లో తల్లులతో చెబుతుంటే ఆదిలక్ష్మి వింటూనే ఉంది. వంగి బిడ్డను చూసింది. ముఖంలో కొంచెం పసుపుదనం ఇంకా పోలేదు. కిటికీ వెలుతురువల్ల అలా కనబడుతోందేమోనని ఇంకోవైపు నుంచి చూసింది. కాదు.

మంచం కోడు పక్కన కింద కూర్చుని చెప్పింది. బిడ్డ రక్తంలో ఒక అంకె ఎక్కువొచ్చిందని, ఈ రోజే మళ్లీ రక్తం తీయించాలని, మందు చిన్న మాత్రేనని, ఆలస్యం మాత్రం చేయకూడదని.

రత్నమ్మ ముఖం మారిపోయింది. "పాలు తాగే బిడ్డకు మాత్రలేంది? మీరంతా ఇట్లనే భయపెడతారు. మా బిడ్డకు ఏమీ కాలేదు, నువ్వు పో."

అశ్విని చీటీ తీసుకుని చదివింది. పరీక్ష జరిగిన తేదీ దగ్గర ఆగింది. తలెత్తి చూసింది.

"ఇది తొమ్మిది దినాల కిందటి తేదీ. ఇన్ని దినాలు యాల చెప్పలేదు?"

బస్సులో ఈ ప్రశ్నకు ఆదిలక్ష్మి ఎన్నో జవాబులు అల్లుకుంది. ఫోన్ స్విచాఫ్ అని వచ్చింది. అది నిజమే. మీ ఆయన ఫోన్ పోయింది, ఎవరికీ తెలియదు. అదీ నిజమే.

"మీ ఆయన ఫోన్ పోయిందమ్మా, మూడుసార్లు చేస్తే స్విచాఫ్ వచ్చినాది" అంది. ఆ తర్వాత ఆగలేకపోయింది. "కానీ తప్పు ఫోన్‌ది కాదు. ఫోన్ కలవకపోతే ఆ సంగతి నాకు తెలిసేటట్టు ప్రోగ్రాం ఆగిపోవాల. ఆగితే నన్ను తిడతారని, ఆగకుండా పొయ్యేటట్టు నేనే రాసినాను. ఈ పొద్దున సూసినాను. తప్పు నాదే."

  అశ్విని కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కోపంతోనో భయంతోనో ఆదిలక్ష్మికి తెలియలేదు. అశ్విని లేచి బిడ్డను ఎత్తుకుంది.

"అమ్మా, గుడ్డలు సంచిలో పెట్టు. నాయన్ను పిలువు. పోదాం."

వచ్చిన ఆటోలోనే వి.కోటకు, అక్కణ్నుంచి బస్సులో కుప్పానికి వెళ్లారు. దారి పొడుగునా బిడ్డ ఒక్కసారి కూడా ఏడవలేదు. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా ఆదిలక్ష్మి ఆ ఏడుపు కోసం చెవులు రిక్కించి కూర్చుంది. ఆరుంబావుకు పిల్లల డాక్టరు దగ్గరికి చేరారు. ఆయన బిడ్డ నాలుక, పొట్ట, కాళ్లు చూశాడు. రక్తం తీయించాడు. సూది గుచ్చినప్పుడు బిడ్డ సన్నగా, బొంగురుగా ఏడ్చింది. రిపోర్టు కోసం ఆగకుండా, మాత్రలో ఒక ముక్క నలిపి తల్లి పాలలో కలిపి చెంచాతో పోయించాడు.

"రేపట్నించి దినామూ పొద్దన్నే ఒకే టైముకు వెయ్యాల" అన్నాడు.

"నా బిడ్డకు తెలివి సరిగ్గా ఉంటాదా సార్?" అని అశ్విని అడిగింది.

డాక్టరు ఆమె వైపు తిరిగాడు. "మరీ ఆలస్యం కాలేదమ్మా. శానామంది పిల్లలు ఇంతకన్నా ఆలస్యంగా వచ్చినా బాగుండారు. కానీ ఇప్పుడే చేతిలో చెయ్యేసి చెప్పలేను. ఏడాది దాకా చూస్తా ఉండాల."

మరునాడు రిపోర్టు వచ్చింది. అనుమానపడిందే నిజం.

సోమవారం ఆదిలక్ష్మి డాక్టర్ మమత ముందు ఒక కాగితం పెట్టింది. తనను కంప్యూటర్ పని నుంచి తీసేసి, కార్డుల కవర్లు విప్పే పనికి మార్చమని అందులో రాసుకుంది. డాక్టర్ చదివి పక్కన పెట్టింది.

"నాకూ దీన్లో భాగముంది. రెడ్ వస్తే అరిచింది నేను. అందరి ముందర అరిస్తే ఎవరైనా రెడ్ దాచిపెడతారు. ఆ మూడు లైన్లు నువ్వే తీసెయ్యి. నాలుగో మెట్టు నేర్చుకో. అది అయినాక కూడా వద్దనిపిస్తే చెప్పు, మారుస్తాను."

ప్రదీప్ ఈసారి రెండు వారాలు ఆగలేదు. ప్రతి శనివారమూ వచ్చాడు. ఒకసారి టీ తాగుతూ అన్నాడు, "అక్కా, ఆ మూడు లైన్లు రాయనోడు మా ఆఫీసులో ఒక్కడు కూడా లేడు. ఆడ పోయేది సరుకు లెక్కలు, అంతే తేడా." ఆ మాట ఆమెకు ఊరటనివ్వలేదు. ఆ తేడా దగ్గరే ఆమె మనసు నిలబడిపోయింది.

నాలుగో మెట్టుకు ఐదు వారాలు పట్టింది. ఇప్పుడు ఒక బిడ్డ నంబరు కలవకపోతే ఆ ఒక్క బిడ్డ వరుస మాత్రమే ఆగుతుంది, మిగతా కార్డులు ముందుకు వెళతాయి. ఆగిన వరుస ఎర్రగానే ఉంటుంది. ల్యాబులో ఒక మనిషి ఆ ఇంటివాళ్లతో మాట్లాడి, ఎవరితో మాట్లాడిందీ పేరు రాసి, తన పేరూ రాస్తేనే ఎరుపు పోతుంది. ఒకరోజు గడిస్తే ఆ ఎరుపు డాక్టర్ మమత ఫోన్‌కు కూడా వెళుతుంది. ప్రతి కార్డు మీదా రెండో నంబరు రాయాలని ఆసుపత్రులకు ఉత్తరాలు వెళ్లాయి. ఆ ఉత్తరాలు ఆదిలక్ష్మే రాసింది. పని మార్చమని మళ్లీ అడగలేదు. ధైర్యం వచ్చి కాదు. తను లేచిపోతే ఆ కుర్చీలో కూర్చునే మనిషికి ఎరుపంటే ఎంత భయపడాలో, దేనికి భయపడకూడదో తెలియదనిపించింది.

ఆ ఏడాదంతా ఆమెకు కలత నిద్రే. రాజేంద్ర ఒకసారి అడిగాడు, "ఆ బిడ్డ బాగుండాది అని చెప్పినారు కదా, ఇంకా యాల ఇట్లుండావు?" మూడో నెలలో బిడ్డ నవ్విందని అశ్విని ఫోన్ చేసింది. ఆరో నెలలో కూర్చోవడానికి కొంచెం ఆలస్యమవుతోందని చెప్పింది. ఆ నెల ఆదిలక్ష్మికి అన్నం సహించలేదు. పక్కింటివాళ్ల మనవడు ఎప్పుడు కూర్చున్నాడో అడిగి తెలుసుకుంది, దీప ఎప్పుడు కూర్చుందో గుర్తు చేసుకుంది. ఏడో నెల చివర బిడ్డ కూర్చుంది. పదకొండో నెలలో "అత్త" అంది. ఎవర్ని చూసి అందో తెలియదుగానీ, అందట.

ఏడాది నిండాక పిల్లల డాక్టరు ఎదుగుదల పరీక్ష పెట్టాడు. ఆదిలక్ష్మి సెలవు పెట్టి కుప్పం వెళ్లింది. రావద్దని అశ్విని అనలేదు, రమ్మనీ అనలేదు. బిడ్డకు జస్విత అని పేరు పెట్టారు. చెక్కముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టమంటే ఒకటి పెట్టి రెండోది డాక్టరు మీదికి విసిరింది. గిన్నె కింద దాచిన బొమ్మను వెతికి తీసింది. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసింది. డాక్టరు అన్నీ రాసుకుని, "ఇప్పటికి వయసుకు తగ్గట్టే ఉండాది" అన్నాడు. "మూడేళ్లప్పుడు మళ్లీ చూస్తాం. మాత్ర మాత్రం ఒక్కపూట తప్పకూడదు."

బయట వరండాలో బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. జగదీష్ మందులు తేవడానికి వెళ్లాడు. జస్విత బెంచీ పట్టుకుని నిలబడి, ఒక అడుగు వేసి, కూలబడి, మళ్లీ లేస్తోంది.

"మీరు ఆ దినం అబద్ధం చెప్పుంటే నాకు తెలిసేది కాదు" అంది అశ్విని, బిడ్డ మీది నుంచి చూపు తీయకుండా. "నిజం చెప్పినారు కాబట్టి మీ వెంబడి వచ్చినాను. అయినా అక్కా, ఆ తొమ్మిది దినాలు నాకు గుర్తుకొస్తానే ఉంటాయి. ఇది ఒక మాట ఆలస్యంగా పలికినా, ఒక అడుగు ఆలస్యంగా ఏసినా, ఆ తొమ్మిది దినాలే అనిపిస్తాది."

"నాక్కూడా అంతేమ్మా" అంది ఆదిలక్ష్మి.

 జగదీష్ మందుల సంచితో వచ్చాడు. మదనపల్లె బస్సుకు ఇంకా ముప్పావుగంట టైముందని చెప్పాడు. అశ్విని సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి, మూతలో కొంచెం ఉప్మా వేసి, ఆదిలక్ష్మి వైపు జరిపింది.